పాలకేంద్రం ముందు మంచం

మొకం మాత్రం పడొద్దు. రాజమల్లయ్య పెట్టిన షరతు అదొక్కటే.

"ఈపు దీసుకో, రొమ్ము దీసుకో, నీ ఇష్టం. మొకం గిట్ల పడ్డదా, ఫోన్ దీస్కపోయి బాయిల ఏస్త," అన్నాడు గోడవైపు తిరిగి. తిరిగి అంటే ఆయన తిరగలేదు, కూతురు రోజారాణే తిప్పింది. తాటిచెట్టు మీదినుంచి పడ్డనాటి నుంచి నడుము కింద ఆయన మాట వినే అవయవం ఒక్కటీ లేదు. ఫోన్ బాయిలో వేయాలన్నా ఇంకొకరు తీసుకుపోయి వేయాల్సిందే. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు కనుక ఎవరూ నవ్వలేదు.

"పడదు బాపు. మేడమే వద్దన్నది. పేషెంట్ మొకం చూపెట్టుడు తప్పు," అంది రోజారాణి చేతులకు గ్లోవ్స్ తొడుక్కుంటూ.

"నేను పేషెంట్‌నా?"

"పరీక్షల అట్లనే అనాలె."

ఆమె సిద్దిపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో నర్సు చదువు రెండో ఏడు చదువుతోంది. చదువుతోంది అనడం మర్యాదకు. కరోనా వచ్చిన దగ్గర్నుంచి చదువంతా ఫోన్‌లోనే నడుస్తోంది. సూది గుచ్చడం వంకాయ మీద నేర్చుకున్నారు. నాడి చూడడం ఎవరి చేతి మీద వాళ్లే నేర్చుకున్నారు. పక్క సర్దడం దిండుకు దుప్పటి చుట్టి, దాన్నే మనిషి అనుకొని నేర్చుకున్నారు. ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్ష. మంచాన పడ్డ మనిషికి ఒళ్లు తుడవడం, వీపు సంరక్షణ. మధ్యలో ఎక్కడా ఆపకుండా వీడియో తీసి పంపాలి. యూనిఫాం, మాస్కు, గ్లోవ్స్ ఉండాలి. రోగి ముఖం ఉండకూడదు. క్లాసులో అందరూ రోగి కోసం ఇల్లంతా వెతుక్కుంటుంటే, రోజారాణికి ఆ కష్టం లేదు.

తల్లి దుర్గవ్వ ఫోన్ పట్టుకుంది. వడ్ల సంచి మీద మోచేయి ఆనిస్తే చేయి వణకదని ఆమె తనంతట తానే కనిపెట్టింది. పొద్దంతా ఉపాధి పనిలో మట్టి తవ్వి వచ్చిన మనిషి. గోళ్లలో మట్టి ఇంకా పోలేదు.

రోజారాణి గోరువెచ్చని నీళ్లలో మోచేయి ముంచి చూసుకుంది. మెడ, భుజాలు, రొమ్ము వరసగా తుడిచింది. రాజమల్లయ్య రొమ్ము మీద రెండు పక్కలా చర్మం కాయలు కాసి నల్లబడి ఉంటుంది. మోకు కట్టుకొని తాళ్లకు, అంటే తాటిచెట్లకు, రొమ్ము ఆనించి ఎక్కీ దిగీ అట్లా అయింది. ముంజేతుల లోపలి పక్కన కూడా అంతే. చిన్నప్పుడు రోజారాణి ఆ కాయల మీద చెంప పెట్టి పడుకునేది. ఇప్పుడు వాటి మీద తడిబట్ట పెట్టి, "చెస్ట్, లాంగ్ స్ట్రోక్స్," అని కెమెరాకు వినబడేలా చెబుతోంది.

వీపు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి నెమ్మదించింది. నడుము కింద ఎముక మీద పడకపుండు ఉంది. ఎండాకాలం మొదట్లో అరచేతంత ఉండేది, పూటపూటకూ ఇటు తిప్పి అటు తిప్పి ఇప్పుడు చాలా తగ్గించింది. పుండు తగలకుండా చుట్టూ తుడిచి, మెత్తని గుడ్డతో అద్ది, పౌడరు రాసింది. పుండు చుట్టూ తుడిచేటప్పుడు మాత్రం ఇంగ్లీషు మాటలు చెప్పడం మరిచిపోయింది.

"అయిందా?" అన్నాడు రాజమల్లయ్య.

"అయింది బాపు."

"మొకం పడ్డదా?"

"పడలె," అంది దుర్గవ్వ. "పడ్తె ఏమైతది? సినిమాల మొకమా?"

పడ్డనాటి నుంచి ఆయన గడప దాటలేదు, ఎవరినీ గడప లోపలికి రానివ్వలేదు. తోటి గీత కార్మికుడు ప్రభాకర్, ఇప్పుడు ఆయన చెట్లు కూడా తానే ఎక్కుతున్నవాడు, ఎన్నిసార్లు చూడవచ్చినా వాకిట్లోంచే వెనక్కి పోయాడు. 'పండుకున్నడు' అని చెప్పి పంపడం దుర్గవ్వకు అలవాటైంది. అబద్ధమేమీ కాదు, పడుకునే ఉన్నాడు.

నారాయణరావుపేటలో వాళ్లింట్లో సిగ్నల్ రాదు. వీధి చివర మెయిన్ రోడ్డు మీద పాలకేంద్రం అరుగు మీద కూర్చుంటే వస్తుంది. అదీ క్లాసు వినేంత మటుకే. అంత పెద్ద వీడియో అక్కణ్ణుంచి ఎక్కించాలంటే బ్యాటరీ అయిపోతుంది గాని వీడియో ఎక్కదు. అందుకని ఊళ్లల్లో ఉన్న పిల్లలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. వీడియోను మెమొరీ కార్డులో వేసి పట్నంలో ఉన్న స్నేహితురాలికి పంపితే ఆమె ఎక్కించి పెడుతుంది. రోజారాణికి సిద్దిపేటలో సాత్విక ఉంది. ఇంట్లో వైఫై, చేతిలో మంచి ఫోన్ ఉన్న పిల్ల. బదులుగా సాత్విక రాయాల్సిన కేస్ స్టడీలు రోజారాణి రాసిపెట్టేది. ఇద్దరికీ నష్టం లేని బేరమనే అనుకున్నారు ఇద్దరూ.

తెల్లారి కార్డును దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టి ఆటో నరేశ్‌కు ఇచ్చింది. లాక్‌డౌన్‌లో పొద్దుటి పూట సడలింపు. ఆ కాస్త సేపట్లోనే కూరగాయల మూటలతో సిద్దిపేట పోయి రావాలి అతను.

"ఏందే ఇది, బంగారమా?" అన్నాడు నరేశ్ అగ్గిపెట్టె ఊపి చూస్తూ.

"ఊపకన్నా. పరీక్ష ఉన్నది దాంట్ల."

సాయంత్రం సాత్విక నుంచి మెసేజ్ వచ్చింది. 'ఎక్కింది, నిమ్మలంగ ఉండు.' రోజారాణి నిమ్మళంగానే ఉంది. నాలుగు రోజులు.

మంగళవారం క్లాసుకు పాలకేంద్రం అరుగు మీద కూర్చుంది. ట్యూటర్ ప్రమీలాదేవి మేడం హాజరు తీసుకున్నాక కళ్లద్దాలు సర్దుకొని, "ఒక విషయం చెప్పాలి. సిగ్గుపడాల్సిన విషయం," అంది.

ఆమె తెర మీద ఒక వీడియో పెట్టింది. రోజారాణి తన ఫోన్‌లో తన తండ్రి రొమ్మును చూసింది. నల్లని కాయలు, వాటి మీద గ్లోవ్స్ వేసుకున్న తన చేతులు. ఒక్క క్షణం సంతోషపడింది. బాగా చేసినందుకు క్లాసులో చూపెడుతున్నారనుకుంది, పిచ్చిది.

"ఈ ఒక్క వీడియోనే ఆరుగురు పంపారు. ఆరు పేర్లతో. నేను గుడ్డిదాన్ననుకున్నారా?" అంది మేడం. "మొదట పంపింది సాత్విక. కనుక ఆమెది ఒరిజినల్. తక్కిన ఐదుగురూ కాపీ. ఐదుగురికీ సున్నా. సెకండియర్ మళ్లీ చదువుకోండి." ఐదు పేర్లు చదివింది. చివరి పేరు రోజారాణి.

చిన్న గడిలో సాత్విక కనబడుతోంది. చేతిలో చాయ్ కప్పు ఉంది. తాగడం లేదు.

"సాత్వికా, పేషెంట్ ఎవరమ్మా?"

గడిలో సాత్విక బొమ్మ కదలలేదు. నెట్ ఆగిందేమో అనుకున్నారు అందరూ. తర్వాత, "మా పొలం కాడి జీతగాడు మేడం," అంది.

రోజారాణి అరుగు దిగి రోడ్డు మీదికి వచ్చింది, అక్కడైతే సిగ్నల్ ఇంకో గీత ఎక్కువ వస్తుందని. "మేడం, అది మా బాపు మేడం. ఆ వీడియో నేను దీసిన. నా కార్డు..." అంటోంది. పాలు పోయడానికి వచ్చినవాళ్లు ఆగి చూస్తున్నారు.

"రోజారాణీ, నీ వాయిస్ కట్ అవుతోంది. ముక్కలు ముక్కలుగా వస్తోంది."

"మా బాపు మేడం, జీతగాడు గాదు..."

"ఏమీ వినబడట్లేదమ్మా. మ్యూట్ చేసుకో, క్లాసు డిస్టర్బ్ అవుతోంది."

మ్యూట్ చేసుకోలేదని మేడమే చేసింది. గొంతు నొక్కడానికి ఆ ఫోన్‌లో ఒక బొత్తామే ఉంది మరి.

క్లాసు అయ్యాక ఆమె సాత్వికకు ఫోన్ చేసింది. ఎత్తదనుకుంది గాని ఎత్తింది.

"నీది గూడ ఎక్కించిన గదనే," అంది సాత్విక ముందుగానే. "నీదాన్ని ఎక్కియ్యకుంట ఉంటె అడుగు. మా అమ్మ పండుకోను అన్నది, నానమ్మ కరోనా అని ముట్టనియ్యలె. నీదాంట్ల మొకాలు లెవ్వు గదా, ఎవలిదైతేంది అనుకున్న. గ్రూపుల అడిగితె వాళ్లకు గూడ ఇచ్చిన. అందరం పాసైతం అనుకున్ననే, ఒట్టు."

"జీతగాడు అని ఎందుకన్నవ్?"

అవతల తలుపు దగ్గరికి వేసుకున్న చప్పుడైంది.

"మా బాపు అని నీకు తెల్వదా? పోయినేడు మా ఇంటికొచ్చినప్పుడు నీకు ముంజెలు గొట్టిచ్చిండు. తిన్నవ్ గదా?"

"అప్పటికప్పుడు ఏం జెప్పాలె? ఎవలో ఒకలని జెప్పాలె గదా. నోటికి అదే వచ్చింది."

"మేడంకు నిజం జెప్పు."

"చెప్తే నాకు సున్న ఏస్తది. మా నాయిన ఊకుంటడా?" అని, "నువ్వే మేడంతోని మంచిగ మాట్లాడు రోజా. నువ్వు జెప్తే ఇంటది," అంది. ఇంకేమీ చెయ్యలేనివాళ్లు ఇచ్చే సలహా అది. రోజారాణికి ఒళ్లు మండిపోయింది. ఈ పిల్ల దొంగ అయినా బాగుండేది. తాను చేసింది దొంగతనమని కూడా ఆమెకు తోచలేదు, అదే భరించలేకపోయింది.

మేడం మాత్రం రెండోసారి ఫోన్ చేస్తే పూర్తిగా వింది. వినలేదని అనడానికి లేదు.

"చూడమ్మా, నీ మాట నమ్మి ఆ అమ్మాయిని ఫెయిల్ చేయలేను. చేతులకు గ్లోవ్స్, మూతికి మాస్కు, దాని వెనక గొంతు కూడా ఎవరిదో తెలియదు, నువ్వో ఆమో ఎట్లా చెప్పమంటావు? గురువారం పొద్దున తొమ్మిదికి లైవ్ పెట్టు. అదే పేషెంట్ మీద, అదే ప్రొసీజర్ చెయ్యి. క్లాసు మొత్తం చూస్తుంది. నీదైతే నీకే మార్కులు."

"మా ఇంట్ల సిగ్నల్ రాదు మేడం."

"వచ్చే చోట చెయ్యి."

మంచానికి నాలుగు కాళ్లున్నాయి కనుక అది నడుస్తుందనుకుంది కాబోలు ఆవిడ.

ఇంటికొచ్చి రోజారాణి వంటింట్లో తల్లికి అంతా చెప్పింది, గొంతు తగ్గించి. దుర్గవ్వ పొయ్యి ఊదడం ఆపి విన్నది.

"మళ్లొక్క ఏడు నిన్ను సదివిచ్చుడు నాతోని గాదు బిడ్డా. మోకాళ్లు మొరాయిస్తున్నయ్," అంది. తర్వాత, "అట్లని ఆయినను రోడ్డు మీద పండవెడ్తమా? తలుపు కాడికొచ్చినోళ్లకే మొకం సూపియ్యని మనిషి. అడగకు. అడిగితె పానం దీసుకుంటడు," అంది.

"అడగనవ్వా. నేనే మానేస్త. కూలికొస్త నీతోని."

"ఏంది గుసగుస?" అన్నాడు రాజమల్లయ్య లోపలి నుంచి. కాళ్లు పోయాయి గాని చెవులు పోలేదు ఆయనకు.

చెప్పక తప్పలేదు. మంచం పట్టె మీద కూర్చొని రోజారాణి చెప్పింది. వీడియో ఆరుగురు పంపారని, సాత్వికది అసలుదన్నారని, లైవ్‌లో మళ్లీ చేయమన్నారని. ఒక్క మాట మటుకు మింగింది.

రాజమల్లయ్య పైకప్పు వాసాలకేసి చూస్తూ విన్నాడు. "ఆరుగురు బిడ్డలు నా ఈపు గడిగిన్రన్నట్టు," అన్నాడు. "అందరు గడిగినా పుండు మానకపాయె."

ఆయన నవ్వడంతో రోజారాణి కూడా నవ్వబోయింది. అంతలో దుర్గవ్వ ఉండబట్టలేక, "నవ్వుతవేంది? గా పిల్ల నిన్ను జీతగాడన్నదట. వాళ్ల పొలం కాడి జీతగాడట," అంది.

రోజారాణి తల్లివంక చూసింది. మాట బయట పడ్డాక చూసి ఏం లాభం.

రాజమల్లయ్య నవ్వు ఆగింది. కుడిచేయి ఎత్తి రొమ్ము మీది కాయలు తడుముకున్నాడు, ఒకటి, మళ్లీ రెండోది. ఆ పూట అన్నం సగమే తిన్నాడు. బుధవారం పొద్దున కూతురు ఒళ్లు తుడుస్తుంటే అడిగాడు.

"నేను ఎవ్వల వాకిట్లనన్న పనిజేసిన్నానే?"

"లేదు బాపు."

"ఎవ్వల ఎడ్లనన్న గాసిన్నా? ఎవ్వనికన్న బాంచెన్ అన్ననా? తాడెక్కితి, దిగితి. నా కల్లుకు నేను ధర జెప్పితి. దొరలైనా చెట్టు కిందికొచ్చి దోసిలి వట్టిన్రు గాని నేను పోయి నిలవడలె." ఆయనకు ఊపిరి అందక ఆగాడు. "ఎన్నటికి లైవు?"

"వద్దు బాపు. రోడ్డు మీద జెయ్యాలె."

"నేను అడిగింది గది గాదు. ఎన్నటికి?"

"రేపు."

"ప్రభాకర్‌ను పిలువు," అన్నాడు. "నా గడ్డం గూడ గియ్యుమను."

గురువారం పొద్దున ప్రభాకర్ ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకొని వచ్చాడు. గడప దాటాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాడు. లోపలికి వచ్చాక మిత్రుడి పక్కన కూర్చొని సబ్బు నురగ పెట్టి నిదానంగా గడ్డం గీశాడు. చెట్టు మీద గెలను చెక్కే చేయి, ఎక్కడా కోత పడలేదు.

నలుగురూ నవారు మంచం నాలుగు కోళ్ల దగ్గర పట్టి లేపారు. వాకిలి దాటగానే ఎండ ముఖాన కొట్టింది. ప్రభాకర్ భుజం మీది తువ్వాలు తీసి ఎండ పడకుండా ఆయన ముఖం మీద కప్పబోయాడు.

"మొకం మీద బట్ట ఎయ్యకురా," అన్నాడు రాజమల్లయ్య. "ఇంక సావలె."

ప్రభాకర్ తువ్వాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజుల్లో వీధిలో నలుగురు మోసుకుపోతున్న మంచాన్ని చూస్తే జనం తలుపులు వేసుకునేవాళ్లు. ముందు ఒకరిద్దరు వేసుకున్నారు కూడా. మంచం మీది మనిషి కళ్లు తెరిచి అటూ ఇటూ చూస్తున్నాడని తెలిశాక మళ్లీ తీశారు. పాల క్యాన్లతో వస్తున్నవాళ్లు మాస్కులు పైకి లాక్కొని పక్కకు జరిగారు. ఎవరూ పలకరించలేదు. ఏమని పలకరించాలో ఎవరికి తెలుసు.

మంచం పాలకేంద్రం అరుగు ముందు దించారు. ఇద్దరు ఆడవాళ్లు రోడ్డు వైపు దుప్పటి చాటు పట్టారు. రోజారాణి ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుంది. రెండు బేసిన్లు, తువ్వాళ్లు, సబ్బు, పౌడరు స్టూలు మీద వరసగా పెట్టింది. దుర్గవ్వ ఇంటి నుంచి వేణ్ణీళ్ల గిన్నె కొంగుతో పట్టుకొని వచ్చింది.

తొమ్మిదైంది. మీటింగు లింకు నొక్కింది రోజారాణి. మేడం వచ్చేదాకా ఆగమని తెర మీద పడింది. ఆగింది. నీళ్లలో మోచేయి ముంచి చూసింది, చల్లారుతున్నాయి. దుప్పటి పట్టిన ఆడవాళ్లు చేతులు మార్చుకున్నారు. పదింటికి సడలింపు అయిపోతుంది. అటు తర్వాత పోలీసు జీపు వస్తుంది. ప్రభాకర్ రోడ్డు కేసి చూస్తున్నాడు.

ఫోన్ గొణిగింది. మీటింగు కాదు, క్లాసు గ్రూపులో మేడం మెసేజ్.

'డియర్ స్టూడెంట్స్, ఇవాళ క్లాసు లేదు. కరోనా పరిస్థితి వల్ల ఈ ఏడాది ఇంటర్నల్ ప్రాక్టికల్స్ రద్దు చేస్తూ మేనేజ్‌మెంట్ నిర్ణయించింది. అందరికీ సమానంగా మార్కులు వేసి పైతరగతికి పంపుతున్నాం. వీడియోల విషయం ఇక ఎవరూ ఎత్తవద్దు. స్టే సేఫ్.'

దాని కింద చేతులు జోడించిన బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి పడుతున్నాయి. మొదటి బొమ్మ సాత్వికది.

రోజారాణి రెండుసార్లు చదివింది. పాసైంది. ఏడు పోలేదు. సంతోషపడాలి. కాని ఆమెకు ఆ ఫోన్‌ను నేలకేసి కొట్టాలనిపించింది. ఈ మాట నిన్న చెబితే ఏం పోయేది? ఇంకో గంట ముందు చెప్పినా సరిపోయేది. గడ్డం గీయించుకొని, ఊరి కళ్లన్నీ తన మీద పడనిచ్చి, ఎండలో పడుకొని ఉన్నాడు తండ్రి. లే బాపు, ఇంటికి పోదాం, నిన్ను ఎవరూ చూడనక్కర్లేదట అని చెప్పాలి.

"షురువైందా బిడ్డా?" అన్నాడు రాజమల్లయ్య.

ఆమె తెర ఆర్పి ఫోన్‌ను దుర్గవ్వ చేతికిచ్చింది. "పట్టుకో అవ్వా. ఇటు దిక్కు," అంది. తండ్రి వైపు తిరిగి, "షురువైంది బాపు," అంది.

దుర్గవ్వకు చదువు రాదు. కాని ఇన్నాళ్లుగా కూతురి భుజం మీదుగా చూసి, క్లాసు నడిచేటప్పుడు ఆ అద్దంలో పిల్లల ముఖాలు గడులు గడులుగా కనబడతాయని ఆమెకు తెలుసు. ఇప్పుడు అద్దం నల్లగా ఉంది. అందులో తన ముఖమే ఉంది. కూతురికేసి చూసింది. కూతురు గ్లోవ్స్ తొడుక్కుంటూ తల ఎత్తలేదు.

"గుడ్ మార్నింగ్ మేడం. మై నేమ్ ఈజ్ రోజారాణి," అని మొదలుపెట్టింది.

మెడ తుడిచింది, భుజాలు తుడిచింది. ఒక్క మెట్టు వదలకుండా, ఒక్క మాట వదలకుండా చేసింది. రొమ్ము తుడిచి బట్ట పిండుకుంటుంటే రాజమల్లయ్య ఆమె చేయి పట్టి ఆపాడు.

"మొకం పడ్తున్నదా?"

"మొకం వద్దు గదా బాపు."

"ఇయ్యాల పడాలె," అని, తల కొద్దిగా ఎత్తి, దుర్గవ్వ చేతిలోని ఫోన్ కేసి చూశాడు. "నమస్తె మేడం. నా పేరు రాజమల్లయ్య. గీ పిల్ల నా బిడ్డ. నేను ఎవ్వల జీతగాణ్ణి గాను. తాళ్లెక్కేటోణ్ణి. జూడున్రి గీ కాయలు, తాడెక్కనోనికి ఉంటయా? గా వీడియల ఉన్నది నేనే." చెయ్యి దించాడు. "గంతే. ఇంకేం లేదు."

ప్రభాకర్ అటు తిరిగి నిలబడ్డాడు.

"సప్పుడు రాదేందే?" అన్నాడు రాజమల్లయ్య.

"పరీక్షల మాట్లాడరు బాపు."

"ఇన్నరా?"

"ఇన్నరు."

"గా సిద్దిపేట పిల్ల ఉన్నదా?"

"ఉన్నది."

"ఏమన్నది?"

రోజారాణి బట్టను నీళ్లలో ముంచి గట్టిగా పిండింది. పిండిన బట్టనే మళ్లీ పిండింది.

"తల దించుకున్నది," అంది.

రాజమల్లయ్య కళ్లు మూసుకున్నాడు. "ఇగ ఈపు గానియ్యి. నీళ్లు సల్లగైతున్నయి," అన్నాడు.

ఆమె తండ్రిని తనవైపు తిప్పుకుంది. వీపు మీద ఎండ పడింది. దుర్గవ్వ చేయి గుంజుతున్నా ఫోన్ దించలేదు. నల్లని అద్దాన్ని మొగని ముఖానికి ఎదురుగా పట్టుకొని, ముఖం బాగా పడేలా ఇంకో అడుగు ముందుకు జరిగింది.